జొహోర్ బారులో ఇల్లు, సింగపూర్‌లో ఉద్యోగం: వంతెన మీది క్యూ వెనకున్న లెక్కలు

క్లుప్తంగా: మలేషియాలోని జొహోర్ బారు నుంచి రోజూ సింగపూర్ వెళ్లి పనిచేసేవాళ్ల గురించి వార్తల్లో ఎక్కువగా వినిపించేది క్యూల సంగతే. ఆ క్యూను తగ్గించడానికి కొత్త రైలు లైను వస్తోంది. అయితే ఈ రాకపోకలను నడిపేవి రెండు: రెండు దేశాల డబ్బు విలువలో ఉన్న తేడా, సింగపూర్ ఇచ్చే పర్మిట్. రైలు ఈ రెండిటినీ ముట్టుకోదు. ప్రయాణం సులువవుతుంది, కానీ ఉద్యోగాల సంఖ్య, ఉద్యోగ భద్రత, పింఛను పొదుపు వాటంతట అవి మారవు. జొహోర్‌లో అద్దెలు, మనుషుల కొరత మాత్రం మారే అవకాశం ఉంది.

## కిలోమీటరు దూరం, రెండు గంటల ప్రయాణం

మలేషియా దక్షిణ కొసన జొహోర్ బారు ఉంటుంది, దాని ఎదురుగా సన్నటి జలసంధి దాటితే సింగపూర్. రెండిటినీ కలిపే కాజ్‌వేను, అంటే నీళ్ల మీదుగా వేసిన కట్టను, బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1923-24లో వాడుకలోకి తెచ్చారు. పొడవు కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. అప్పట్లో అటూ ఇటూ ఒకే వలస పాలన కాబట్టి అది రెండు ఊళ్ల మధ్య రోడ్డు, రైలు కట్ట. 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయాక అదే కట్ట అంతర్జాతీయ సరిహద్దు అయింది. మనుషుల అలవాట్లు, చుట్టరికాలు, పనులు అలాగే ఉన్నాయి, మధ్యలో గేట్లు మాత్రం వచ్చాయి. 1998లో పడమర వైపు తువాస్ దగ్గర సెకండ్ లింక్ అనే రెండో వంతెన కట్టినా, జనం ఎక్కువగా నడిచేది పాత దారినే.

సింగపూర్ వైపున్న వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్ ఒక్కదాన్నే రోజుకు సగటున 3 లక్షల మందికి పైగా దాటుతున్నారు. వీళ్లందరూ పనికి వెళ్లేవాళ్లు కారు. షాపింగ్‌కి, తిండికి, బంధువుల ఇళ్లకి జొహోర్ వెళ్లొచ్చే సింగపూర్ వాళ్లూ పెద్ద సంఖ్యలోనే ఉంటారు. కానీ వారం మధ్యలో తెల్లవారుజామున అటు వెళ్లి, సాయంత్రం ఇటు తిరిగొచ్చే రద్దీ మాత్రం ఉద్యోగులదే.

ఎందుకంత ఆలస్యం? బస్సులో వెళ్లే మనిషి ఏం చేయాలో చూస్తే అర్థమవుతుంది. స్కుదాయ్ నుంచో, మసాయ్ నుంచో, పసిర్ గుదాంగ్ నుంచో బయలుదేరి ముందు జొహోర్ బారు నడిబొడ్డున ఉన్న మలేషియా ఇమ్మిగ్రేషన్ భవనానికి చేరాలి. అక్కడ దిగి, గేటు దాటి, కిందికి వచ్చి ఇంకో బస్సు ఎక్కాలి. ఆ బస్సు కాజ్‌వే దాటాక మళ్లీ దిగాలి, సింగపూర్ ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడాలి, మళ్లీ ఇంకో బస్సు ఎక్కాలి. అంటే కిలోమీటరు దూరానికి రెండు దేశాల తనిఖీలు, మూడు బస్సులు. ఎక్కడో ఒకచోట పావుగంట ఆగితే ఆ ఆలస్యం వెనకవాళ్లందరికీ పాకుతుంది. అందుకే ఉదయం 8 గంటల షిఫ్టు కోసం 4 గంటలకే ఇల్లు వదిలేవాళ్లు ఉన్నారు, వేలమంది బైకుల మీద వెళ్లడానికి కారణం కూడా ఇదే. బైకు చవక, సందు దొరికితే ముందుకు పోతుంది. వానలో మాత్రం నరకం, ప్రమాదాలూ ఎక్కువే.

తనిఖీలను వేగం చేసే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. 2024 మార్చి 19 నుంచి సింగపూర్ తన రెండు రోడ్డు చెక్‌పాయింట్లలో పాస్‌పోర్టు చూపించాల్సిన పని లేకుండా క్యూఆర్ కోడ్‌తో దాటే వీలు పెట్టింది. జొహోర్ వైపు కూడా అలాంటి విధానాన్ని దశలవారీగా తెచ్చారు. మనిషికి పట్టే సెకన్లు తగ్గాయి, కానీ గేటు త్వరగా కదిలితే కట్ట మీద రద్దీ పెరుగుతుంది, ఎందుకంటే రోడ్డు వెడల్పు అంతే ఉంది.

## ఒకప్పుడు ఒకటికి ఒకటి

ఇన్ని తిప్పలు పడి వెళ్లడానికి కారణం డబ్బు మారకం. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, 1973 మే 8 దాకా మలేషియా డబ్బు, సింగపూర్ డబ్బు ఒకదాని బదులు ఇంకొకటి సమాన విలువకు చెల్లేవి. ఆ ఏర్పాటు రద్దయ్యాక రెండు కరెన్సీలూ విడివిడిగా నడిచాయి. సింగపూర్ తన డాలర్‌ని నెమ్మదిగా బలపడనిస్తూ ధరలను అదుపు చేసే విధానం ఎంచుకుంది. మలేషియా కరెన్సీ రింగిట్ 1997-98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో బాగా దెబ్బతింది, 1998 సెప్టెంబరు నుంచి 2005 జులై దాకా అమెరికా డాలర్‌కు 3.80 దగ్గర కట్టేసి ఉంచారు. మొత్తానికి అర్ధ శతాబ్దంలో ఒక సింగపూర్ డాలర్‌కి ఒక రింగిట్ అనే లెక్క మూడుకు పైగా అనే లెక్కగా మారింది.

ఒక ఉదాహరణ. సింగపూర్‌లో ఒక గోదాములోనో హోటల్ వంటగదిలోనో నెలకు 2,000 సింగపూర్ డాలర్లు ఇస్తారనుకుందాం. అక్కడ అది తక్కువ జీతమే, ఆ డబ్బుతో ఆ ఊళ్లో కుటుంబాన్ని పోషించలేరు. డాలర్‌కి 3.2 రింగిట్ల లెక్కన జొహోర్‌లో అది 6,400 రింగిట్లు. మలేషియా కనీస వేతనం 2025 ఫిబ్రవరిలో పెంచాక కూడా 1,700 రింగిట్లే. చదువు పెద్దగా లేకపోయినా కాజ్‌వే దాటితే ఇంటి దగ్గర డిగ్రీ చదివినవాడు మొదట్లో సంపాదించేదానికన్నా ఎక్కువ వస్తుంది. నాలుగు గంటలకు లేవడానికి ఇది చాలు.

ఈ లెక్కను ఆ ఊరి రైలు టికెట్టే చెప్తుంది. 2015 నుంచి జొహోర్ బారు సెంట్రల్ స్టేషన్‌కు, వుడ్‌ల్యాండ్స్‌కు మధ్య షటిల్ తెబ్రావ్ అనే చిన్న రైలు నడుస్తోంది, కట్ట దాటడానికి 5 నిమిషాలు పడుతుంది. జొహోర్ వైపు ఎక్కితే టికెట్ 5 రింగిట్లు, సింగపూర్ వైపు ఎక్కితే 5 సింగపూర్ డాలర్లు. అదే రైలు, అదే దూరం, తిరుగు ప్రయాణానికి మూడింతలు.

మారకం వల్ల వచ్చే లాభం గురించి అందరూ మాట్లాడతారు, అందులోని రిస్క్ గురించి తక్కువ మాట్లాడతారు. 2024 ఆరంభంలో సింగపూర్ డాలర్ విలువ 3.5 రింగిట్ల దగ్గర ఉంది, అదే ఏడాది రింగిట్ కోలుకుని 3.2 దగ్గరకు వచ్చింది. పైన చెప్పిన 2,000 డాలర్ల మనిషికి ఆ తేడా నెలకు 600 రింగిట్లు. జీతం తగ్గలేదు, పని తగ్గలేదు, ఇంటికి చేరే డబ్బు మాత్రం తగ్గింది. ఇంటి అప్పు, బైకు వాయిదా, పిల్లల ట్యూషన్ ఫీజు రింగిట్లలో ఉంటాయి కాబట్టి అవి దిగవు. రింగిట్ బలపడటం దేశానికి మంచి వార్త, ఈ కుటుంబాలకు టెన్షన్.

## పర్మిట్ ఎవరి చేతిలో ఉంటుంది

సరిహద్దు దాటి పనిచేయడం మలేషియన్‌కు హక్కు కాదు. సింగపూర్ కంపెనీ దరఖాస్తు చేయాలి, అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ పాస్ ఇవ్వాలి. కింది స్థాయి పనులకు వర్క్ పర్మిట్, మధ్యస్థాయికి ఎస్ పాస్, పై స్థాయికి ఎంప్లాయ్‌మెంట్ పాస్. ఎస్ పాస్‌కు కనీస జీతం 2025 సెప్టెంబరు నుంచి 3,300 డాలర్లు. వర్క్ పర్మిట్‌కి కనీస జీతం నిబంధన లేదు.

విదేశీయులు మరీ ఎక్కువ కాకుండా సింగపూర్ రెండు పరిమితులు పెట్టింది. ఒకటి కోటా: సేవల రంగంలో ఒక కంపెనీ మొత్తం సిబ్బందిలో 35 శాతానికి మించి వర్క్ పర్మిట్, ఎస్ పాస్ మనుషులు ఉండకూడదు, అందులోనూ ఎస్ పాస్ వాళ్లు 10 శాతం దాటకూడదు. ఫ్యాక్టరీలకు, నిర్మాణ పనులకు ఈ పరిమితి ఇంకా వదులుగా ఉంటుంది. రెండోది లెవీ: ఒక్కో విదేశీ కార్మికుడి మీద యజమాని ప్రతి నెలా ప్రభుత్వానికి కొన్ని వందల డాలర్లు కట్టాలి. ఎస్ పాస్‌కు అది 650 డాలర్లు. ఈ డబ్బును కార్మికుడి జీతంలోంచి కోయకూడదని చట్టం. కోయకపోయినా, యజమాని లెక్కలో అది ఆ మనిషికి పెట్టే ఖర్చే, కాబట్టి జీతం బేరంలో దాని బరువు పడుతుంది.

మరి యజమానికి మలేషియన్ ఎందుకు నచ్చుతాడు? వసతి చూడాల్సిన పని ఉండదు, అదీ అసలు సంగతి. సింగపూర్ నిర్మాణ రంగంలో, ఓడల యార్డుల్లో పనిచేసే భారతీయ కార్మికులకు, తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు వీళ్లలో ఉన్నారు, ఎక్కువగా డార్మిటరీల్లో చోటు చూపించాలి. వీళ్లు వచ్చేముందు ఏజెంటుకు కట్టిన ఫీజు తీర్చుకోవడానికే నెలలు పడుతుంది. జొహోర్ మనిషి రాత్రికి సొంత ఇంటికి వెళ్లిపోతాడు, ఏజెంటు అప్పు సాధారణంగా ఉండదు. దాదాపు అన్ని రంగాల్లోనూ మలేషియన్లను పెట్టుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి, భారతీయుల వంటి ఇతర దేశస్తులను సేవల రంగంలో నిర్దేశించిన కొన్ని పనులకే వర్క్ పర్మిట్ మీద తీసుకోవచ్చు. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లిష్ ఏదో ఒకటి వస్తుంది కాబట్టి భాష ఇబ్బందీ లేదు.

లోటు కనబడేది పని మానేసే వయసు వచ్చాక. సింగపూర్ పౌరులకు, శాశ్వత నివాసులకు సీపీఎఫ్ అనే నిర్బంధ పొదుపు ఉంటుంది. 55 ఏళ్ల లోపు వాళ్లకు పూర్తి రేటులో ఉద్యోగి జీతంలో 20 శాతం, యజమాని 17 శాతం వేయాలి. పాస్‌ల మీద ఉన్న విదేశీయులకు అది లేదు. యజమాని వేయాల్సిన వాటా లేదు కాబట్టి ఇరవై ఏళ్లు వర్క్ పర్మిట్ మీద పనిచేసిన మనిషి పేరున సింగపూర్‌లో పింఛను పొదుపు సున్నా. మలేషియాలోని ఈపీఎఫ్‌లో స్వచ్ఛందంగా వేసుకోవచ్చు, కానీ ప్రతి నెలా తనంతట తాను వేసే క్రమశిక్షణ ఎంతమందికి సాధ్యం? ఆస్పత్రి బీమా సంగతి కాస్త నయం, వర్క్ పర్మిట్, ఎస్ పాస్ మనుషులకు ఏడాదికి కనీసం 60,000 డాలర్ల బీమా యజమాని తీయాలి. పని గాయాలకు పరిహార చట్టమూ వర్తిస్తుంది. అయితే సొంత బైకు మీద దారిలో జరిగే ప్రమాదం మామూలుగా దాని కిందికి రాదు, ఈ మనుషులు రోజులో అత్యంత ప్రమాదంలో ఉండేది మాత్రం ఆ దారి మీదే.

శాశ్వత నివాసం తీసుకుంటే సరిపోదా అంటే, అది దరఖాస్తు చేసినవాళ్లందరికీ రాదు. వచ్చినా, పిల్లలను కూడా శాశ్వత నివాసులుగా చేర్చిన కుటుంబాల్లో మగపిల్లలకు సైనిక సేవ బాధ్యత ఉంటుంది. పౌరసత్వం తీసుకోవాలంటే మలేషియా పౌరసత్వం వదులుకోవాలి, రెండు దేశాలూ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోవు. అందుకే ఏళ్ల తరబడి ఎటూ తేల్చుకోకుండా పర్మిట్ మీదే నెట్టుకొచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి.

పన్ను విషయంలో గందరగోళం తక్కువే. జీతం మీద పన్ను పని చేసిన చోట, అంటే సింగపూర్‌లో పడుతుంది. వ్యక్తులు బయటి దేశంలో సంపాదించి మలేషియాకు తెచ్చుకునే ఆదాయానికి షరతులతో కూడిన మినహాయింపును 2036 చివరి దాకా పొడిగించారు.

## గేటు మూసేసిన రోజులు

ఈ ఏర్పాటు ఎంత పెళుసైనదో 2020 మార్చిలో బయటపడింది. కొవిడ్ కట్టడి కోసం మార్చి 18 నుంచి దేశం దాటి వెళ్లడాన్ని మలేషియా ఆపేసింది, ఆ ప్రకటన వచ్చింది 16వ తేదీ రాత్రి. మధ్యలో ఉన్నది ఒక్క రోజు. సింగపూర్ వైపు ఉండిపోయి ఉద్యోగం కాపాడుకోవాలా, ఇంట్లో ఉండి జీతం వదులుకోవాలా అన్నది ఆ ఒక్క రోజులో తేల్చుకోవాల్సి వచ్చింది. 17వ తేదీ సాయంత్రం కాజ్‌వే మీద సంచులతో నడిచివెళ్లే జనం బారులు తీరారు. ఉండిపోయినవాళ్ల తాత్కాలిక వసతికి సింగపూర్ ప్రభుత్వం మనిషికి రాత్రికి 50 డాలర్ల చొప్పున 14 రాత్రుల పాటు యజమానులకు సాయం చేసింది. రెండు వారాల కోసమని వెళ్లినవాళ్లు కొందరు ఏడాదికి పైగా పిల్లల ముఖం చూడలేదు. 2020 ఆగస్టులో దీర్ఘకాలిక పాస్ ఉన్నవాళ్లు కనీసం మూడు నెలలు పనిచేశాక సెలవు మీద ఇంటికి వచ్చే ఏర్పాటు పెట్టారు, కానీ క్వారంటైన్ ఉండటంతో అది అందరికీ కుదరలేదు. 2021 నవంబరు 29న టీకా వేసుకున్నవాళ్లకు బస్సులు మొదలయ్యాయి, పూర్తిగా తెరిచింది 2022 ఏప్రిల్ 1న.

ఆ రెండేళ్లలో జొహోర్ బారు నడిబొడ్డున దుకాణాలు వరసగా మూతపడ్డాయి, సింగపూర్ కంపెనీలు మనుషుల్లేక ఇబ్బంది పడ్డాయి. ఒకరి మీద ఒకరు ఇంతగా ఆధారపడినా, గేటు మూసేసినప్పుడు కార్మికుడికి ఏం దక్కాలన్నది ముందుగా రాసుకున్న ఒప్పందం ఏదీ లేదని అప్పుడు తేలింది.

## బడి సంచులతో దాటే పిల్లలు

ఉద్యోగుల మధ్యలో యూనిఫారాలు వేసుకున్న పిల్లలు కూడా ఉంటారు. వీళ్లలో కొందరు జొహోర్‌లో కాపురం పెట్టిన సింగపూర్ పౌరుల పిల్లలు, కొందరు శాశ్వత నివాసుల పిల్లలు, కొందరు మలేషియన్లు. విదేశీ విద్యార్థికి సింగపూర్ ప్రభుత్వ బడిలో సీటు కావాలంటే ఎక్కువగా ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజు పౌరులు కట్టేదానికి ఎన్నో రెట్లు. అయినా పంపుతారు. ఇంగ్లిష్ మాధ్యమం, తర్వాత అక్కడి విశ్వవిద్యాలయంలో సీటు, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం అనే దారి ఒకటో తరగతి నుంచే వేసుకున్నట్టు ఉంటుంది. పిల్లవాడు చీకట్లో లేచి బస్సులో నిద్రపోతూ బడికి చేరడం దీనికి చెల్లించే ధర, ఆ ధర పెద్దవాళ్లు చెల్లించేదానికన్నా బరువైనదే.

కాలేజీ స్థాయిలో లోతైన కారణం ఇంకొకటి ఉంది. మలేషియాలో చైనీస్ సమాజం నడిపే స్వతంత్ర ఉన్నత పాఠశాలలు 60 దాకా ఉన్నాయి. జొహోర్ బారులోని ఫూన్ యూ వాటిలో అతి పెద్దది, విద్యార్థులు 10 వేలకు పైనే. అక్కడ చివర రాసే యూఈసీ పరీక్షను మలేషియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలాకాలంగా ప్రవేశానికి అంగీకరించలేదు, సింగపూర్ విశ్వవిద్యాలయాలు అంగీకరించాయి. ఇంటి దగ్గర మూసిన తలుపు పక్క దేశంలో తెరిచి ఉంటే బాగా చదివే పిల్లలు ఎటు వెళ్తారో చెప్పనక్కర్లేదు. అక్కడ ట్యూషన్ గ్రాంట్ అనే ఫీజు రాయితీ తీసుకున్న విదేశీ విద్యార్థి చదువయ్యాక సాధారణంగా మూడేళ్లు సింగపూర్ సంస్థల్లో పనిచేస్తానని బాండ్ రాయాలి. మూడేళ్లు పనిచేశాక పరిచయాలు, జీతం, పెళ్లి అన్నీ అటే కుదురుతాయి. ఫీజు రాయితీ రూపంలో పెట్టిన డబ్బును సింగపూర్ ఇంజనీర్, అకౌంటెంట్ రూపంలో తిరిగి రాబట్టుకుంటుంది. ప్రణాళిక ప్రకారం సాగే విధానం ఇది, మలేషియా చాలాకాలం దీనికి దీటైన జవాబు ఇవ్వలేకపోయింది.

## జొహోర్‌కు మిగిలేది ఏమిటి

సంపాదన ఇంటికి వస్తుంది కదా, జొహోర్‌కు లాభమే కదా అన్నది ఒక వాదన. అది నిజమే, ఆ డబ్బుతోనే ఇళ్లు కట్టారు, హోటళ్లు నడుస్తున్నాయి, బైకు షోరూములు నిలబడ్డాయి. ఇంకో వైపు కూడా చూడాలి. మనిషిని పెంచి, టీకాలు వేయించి, బడికి పంపి, రోడ్డు వేసి ఇచ్చేది మలేషియా. ఆ మనిషి వయసులో ఉండగా చేసే పని, కట్టే పన్ను, అతని మీద యజమాని కట్టే లెవీ సింగపూర్‌కు. ముసలితనంలో వైద్యం మళ్లీ మలేషియా ప్రభుత్వాసుపత్రిలో. సింగపూర్ మోసం చేస్తోందని దీని అర్థం కాదు, తన నిబంధనల ప్రకారం జీతం ఇస్తోంది. ఖర్చు, రాబడి రెండు ఖజానాల మధ్య సమానంగా పంచడం లేదన్నదే విషయం.

జొహోర్ యజమానుల మాట ఇంకో రకంగా ఉంటుంది. హోటళ్లు, క్లినిక్‌లు, ఫ్యాక్టరీలు, బస్సు కంపెనీలు అనుభవం ఉన్న మనిషిని నిలుపుకోలేకపోతున్నాయి. రెండేళ్లు పని నేర్పాక అతను కాజ్‌వే దాటేస్తాడు. ఖాళీ అయిన చోట బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చిన కార్మికులు చేరతారు. ఒక సరిహద్దు వలస ఇంకో వలసను లాక్కురావడం అంటే ఇదే. జొహోర్ యజమానులు జీతాలు పెంచకుండా విదేశీ కార్మికులతో సరిపెట్టుకోవడం వల్లే స్థానికులు వెళ్లిపోతున్నారని విమర్శ కూడా ఉంది, అందులో బలం ఉంది.

2025 జనవరి 7న రెండు దేశాలు సంతకం చేసిన జొహోర్-సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలి ఈ లెక్కను మార్చే ప్రయత్నం. విస్తీర్ణం 3,500 చదరపు కిలోమీటర్లకు పైన, అంటే సింగపూర్‌కు నాలుగు రెట్లు దాటి. మొదటి ఐదేళ్లలో 20,000 నైపుణ్య ఉద్యోగాలు లక్ష్యం, అర్హత ఉన్న పరిశ్రమలకు 5 శాతం కంపెనీ పన్ను, అర్హులైన నిపుణులకు పదేళ్ల పాటు 15 శాతం ఆదాయపు పన్ను. మనుషులు ఉద్యోగం దగ్గరకు పోయే బదులు ఉద్యోగం మనుషుల దగ్గరకు రావాలన్నది ఆలోచన. అయితే అక్కడ వేగంగా వస్తున్న పెట్టుబడుల్లో పెద్ద భాగం డేటా సెంటర్లు. వాటికి కరెంటు, నీళ్లు చాలా కావాలి, మనుషులు కొద్దిమందే కావాలి. రోజూ కాజ్‌వే దాటే వంటమనిషికి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్‌కు అందులో చోటు లేదు.

## వేరే చోట్ల ఎలా ఉంది

పక్క దేశంలో పని అన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మూడు పద్ధతులు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

భారత్, నేపాల్ మధ్య 1950 జులై 31 నాటి ఒప్పందం వల్ల ఒక దేశపు పౌరుడు ఇంకో దేశంలో వీసా, పర్మిట్ లేకుండా ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌గా, హోటళ్లలో వంటవాడిగా కనిపించే నేపాలీ యువకుడు ఏ ఆఫీసులోనూ కాగితం రాయకుండానే వస్తాడు. స్వేచ్ఛ పూర్తిగా ఉంది, కానీ కాగితం లేకపోవడం వల్ల లెక్కల్లోనూ ఉండడు, పీఎఫ్, బీమా చేతికి రావడం అరుదు. 2020 మార్చిలో నేపాల్ సరిహద్దు మూసినప్పుడు మహాకాళి నది ఒడ్డున ధార్చుల దగ్గర వందల మంది చిక్కుకుపోయారు, కొందరు ఈదుకుంటూ దాటారు.

యూరప్‌లో ఇంకో తీరు. లక్సెంబర్గ్‌లో జీతగాళ్లలో దాదాపు సగం మంది ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లే. పని చేసే దేశంలోనే సామాజిక భద్రత, పింఛను జమ, పిల్లల భత్యం వాళ్లకూ హక్కుగా వస్తాయి. స్విట్జర్లాండ్ ఈయూలో లేకపోయినా ఫ్రాన్స్‌తో 1973లో కుదిరిన ఏర్పాటు ప్రకారం, అక్కడి జెనీవా రాష్ట్రం తన దగ్గర పనిచేసే సరిహద్దు కార్మికుల స్థూల జీతాల మీద 3.5 శాతం సొమ్మును జెనీవా పక్కనున్న రెండు ఫ్రెంచ్ జిల్లాలకు ప్రతి ఏటా పంపుతుంది. వాళ్లు ఉండే ఊళ్లలో బడులు, రోడ్లు కట్టే ఖర్చు ఫ్రాన్స్‌దే కాబట్టి అందులో వాటా ఇవ్వడం సబబని ఒప్పుకున్నారన్నమాట. అక్కడా గొడవలు లేకపోలేదు, సరిహద్దు కార్మికులు జీతాలు దించేస్తున్నారన్న ఆరోపణ స్విట్జర్లాండ్‌లో ఎన్నికల అంశమే.

జొహోర్ ఈ రెండిటి మధ్యలో ఉంది. నేపాల్ పద్ధతికన్నా కాగితం, బీమా, నియమం గట్టిగా ఉన్నాయి. యూరప్‌లో ఉన్న పింఛను హక్కు, పన్ను పంపకం లేవు. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. పన్ను పంపకం జెనీవాలో యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న ఏర్పాటే.

## కొత్త రైలు ఏం మారుస్తుంది

వార్తల్లో ఉన్న ఆర్టీఎస్ లింక్ అనే రైలు జొహోర్ బారులోని బుకిట్ చాగర్ స్టేషన్‌ను సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్ నార్త్‌తో కలుపుతుంది. 4 కిలోమీటర్లు, సుమారు 5 నిమిషాలు. 2018లో ఒప్పందం, 2019లో మలేషియాలో కొత్త ప్రభుత్వం సమీక్ష కోసం ఆపడం, 2020లో మళ్లీ మొదలు, ఇలా నడిచి 2026 చివరికి ప్రయాణికులకు తెరవాలన్న లక్ష్యం దగ్గరకు వచ్చింది. గంటకు ఒక్కో దిశలో 10,000 మందిని మోయగలదు. అసలు లాభం వేగంలో కన్నా తనిఖీ పద్ధతిలో ఉంది: రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ ఎక్కే స్టేషన్‌లోనే ఒకచోట పూర్తవుతుంది, దిగాక నేరుగా బయటికి నడిచిపోవచ్చు. మూడు బస్సుల బాధ తీరుతుంది. ఇది మొదలయ్యాక షటిల్ తెబ్రావ్‌ను ఆపేస్తారు.

ఎవరికి ఎక్కువ ఉపయోగం? సింగపూర్ మెట్రో లైను మీద ఆఫీసు ఉన్నవాళ్లకు, జొహోర్ బారు నడిబొడ్డున ఇల్లు ఉన్నవాళ్లకు. కులాయ్‌లో ఉండి తువాస్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే మనిషికి స్టేషన్ చేరడమే ఒక ప్రయాణం, జొహోర్ సిటీ బస్సులు ఇప్పటికీ పలచగానే ఉన్నాయి. అతని లెక్కలో బైకు పెట్రోలు కన్నా రైలు టికెట్ ఎక్కువైతే బైకే కొనసాగుతుంది. కాబట్టి కట్ట మీద బైకుల వరస ఒక్కసారిగా మాయమవుతుందని అనుకోవడం తొందరపాటు.

స్టేషన్ చుట్టుపక్కల అపార్టుమెంట్లకు గిరాకీ ఇప్పటికే పెరిగింది. సింగపూర్ అద్దెలు భరించలేని పాస్‌దారులు, సింగపూర్ పౌరులు కూడా ఇటువైపు చూస్తున్నారు. డాలర్లలో సంపాదించేవాడితో పోటీపడి అద్దె కట్టలేక, రింగిట్లలో సంపాదించే స్థానికుడు ఊరి అంచులకు జరుగుతాడు. కాజ్‌వే దాటే అవసరం లేని టీచరు, క్లర్కు కూడా ఈ రైలు ఖర్చులో కొంత తమ అద్దెలో చెల్లిస్తారు.

సింగపూర్‌లో పనిచేసే తెలుగువాళ్లలోనూ ఇల్లు జొహోర్ బారులో తీసుకుంటే ఎలా ఉంటుందన్న చర్చ నడుస్తోంది. 2023 డిసెంబరు నుంచి భారతీయులను మలేషియా 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, దీన్ని చూసి కాపురం పెట్టొచ్చనుకుంటే పొరపాటు. అది సందర్శకులకు ఇచ్చిన వెసులుబాటు, నివాస అనుమతి కాదు. రోజూ రాకపోకలు చేస్తూ సందర్శకుడి ప్రవేశం మీద అక్కడే ఉంటే ఏదో ఒక రోజు గేటు దగ్గర అధికారి అడుగుతారు, తిప్పి పంపే అధికారం వాళ్లకు ఉంది. మలేషియా పౌరుడికి ఇది సొంత ఊరు, ఆ దేశంలోని తెలుగు సంతతి కుటుంబాలకు కూడా. తోటల్లో పనికి బ్రిటిష్ కాలంలో వెళ్లిన ఉత్తరాంధ్ర వాళ్ల వారసులు మలేషియా పాస్‌పోర్టుతో ఈ క్యూలో నిలబడితే వాళ్లకు వర్తించే నిబంధన వేరు, నిన్న మొన్న హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లిన ఇంజనీరుకు వర్తించే నిబంధన వేరు.

రైలు మొదలయ్యాక గమనించాల్సినవి మూడు ఉన్నాయి. టికెట్ ధర తక్కువ జీతం మనిషికి అందుతుందా, స్టేషన్‌కు చేర్చే బస్సులు తెల్లవారుజామున 4 గంటలకు నడుస్తాయా, సింగపూర్ తన కోటాలను కదిలిస్తుందా. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రైలు గంటకు పది వేల మందిని మోయగలిగినా, అవతల ఎంతమందికి పని దొరుకుతుందో తేల్చేది ఆ 35 శాతం లాంటి అంకెలే. పింఛను వాటా గురించి మాత్రం రైలు ఒప్పందంలోగానీ ఆర్థిక మండలి ప్రకటనల్లోగానీ ప్రముఖంగా వినిపించిన మాట లేదు. రోజూ ఆ గేటు దాటుతున్నవాళ్లలో నలభైలు, యాభైలు దాటినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఆ ప్రశ్న వాయిదా వేసే వ్యవధి లేదు.